ఋణమా, దానమా, దాసోహమా?

ప్రతి సంవత్సరము ఉగాదికి ముందు కన్నడ సీమనుండి వేలాది భక్తులు శ్రీశైల మల్లికార్జునుని దర్శనమునకై కాలినడకన బయలుదేరుదురు. కర్నూలు, ఆత్మకూరు దాటి నల్లమల అడవిదారి పట్టువరకు వారికి దారిపొడవున గ్రామస్థులు మజ్జిగ, మంచినీరు, అన్నము సమకూర్చుదురు. తిన్నవాడు పెట్టినవానికి వెల చెల్లింపడు. పెట్టినవాడు తిన్నవాని పేరైనను అడుగడు. ఆ పందిరి క్రింద ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ అను ప్రశ్నయే పుట్టదు. దాసోహమనగా నేమో తెలియగోరువారికి ఇంతకన్న చక్కని వ్యాఖ్యానము అక్కరలేదు.

అదే సీమలో, అవే కుటుంబములలో, రెండు మూడు నెలలు గడచిన పిమ్మట వేరొక దృశ్యము కానవచ్చును. పదవ తరగతియో, ఇంటర్మీడియెటో ముగించిన బాలుడు మార్కుల పట్టికను సంచిలో పెట్టుకొని సమాజపు పెద్దల గడప ఎక్కును. తండ్రికి నాలుగెకరముల మెట్టభూమి. గడచిన ఏడు వేరుసెనగ ఎండిపోయినది. కళాశాల రుసుము కట్టవలెను. పెద్దలు కనికరించి కొంత పైకము ఇత్తురు. బాలుడు పాదములకు మ్రొక్కును. సభలో అతని పేరు, తండ్రి పేరు, ఇచ్చిన మొత్తము చదువబడును. చప్పట్లు మ్రోగును. ఇంటికి పోవు దారిలో ఆ బాలుని మనస్సులో ఏమి మెదలుచున్నదో ఎవరును అడుగరు.

పందిరి క్రింద తిన్న యాత్రికుడు తల ఎత్తుకొని సాగిపోయెను. సభలో పైకము పొందిన బాలుడు తల వంచుకొని పోయెను. రెండును సహాయములే. ఇచ్చినవారును ఒకే ధర్మమునకు చెందినవారే. మరి ఈ భేదమెందుకు కలిగినది? యువకుని చదువునకు, వృత్తికి, జీవనమునకు సమాజము చేయు సహాయము ఏ కోవకు చెందవలెను? అది తిరిగి తీర్పవలసిన ఋణమా? తిరిగి అడుగరాని దానమా? లేక బసవేశ్వరుడు చూపిన దాసోహమా? ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనబడినను, ఒక తరము పిల్లలు ఎట్టి మనుష్యులై ఎదుగుదురను విషయము దీనిపైననే ఆధారపడియున్నది.

రెండు వాదములు

ఈ విషయమున పెద్దలలో రెండు అభిప్రాయములు గలవు. రెండింటిలోను కొంత సత్యము లేకపోలేదు.

మొదటి పక్షమువారు ఇట్లందురు. ఇచ్చినది మరల అడుగుట శివభక్తునకు తగదు. సంపద శివునిది. భక్తుడు దానికి కాపరి మాత్రమే. కాపరి తనది కానిదానిని ఇచ్చి, తనదియైనట్లు తిరిగి అడుగుట ఎట్లు న్యాయమగును? మఠము వడ్డీ వ్యాపారి అంగడి కాదు. కావున పేద విద్యార్థికి ఇచ్చిన పైకము ఇచ్చినట్లే మరచిపోవలెను.

రెండవ పక్షమువారి మాట వేరు. ఊరక వచ్చిన సొమ్మునకు విలువ తెలియదు. తీర్పనక్కరలేదని తెలిసినవాడు పొదుపుగా వాడడు. పైగా ఇచ్చువారి సంఖ్య పరిమితము, అడుగువారి సంఖ్య అపరిమితము. ఒకనికి ఇచ్చినది తిరిగి రానిచో రెండవవానికి ఇచ్చుటకు మిగులదు. ఇంతకు మించి, కాయకమును ధర్మముగా బోధించిన మతము చేయి చాచుటను అలవాటు చేయరాదు.

మొదటి వాదము ఇచ్చువాని మనస్సును కాపాడుచున్నది. రెండవది పుచ్చుకొనువాని వెన్నెముకను కాపాడుచున్నది. ఒకదానిని పట్టుకొని రెండవదానిని విడిచినచో కీడు తప్పదు. అడుగకుండ ఇచ్చుచు పోయినచో యువకుడు ఆశ్రితుడగును. వడ్డీతో అడిగినచో బందీ యగును. ఈ రెండింటికి నడుమ దారి కలదా యనునది అసలు ప్రశ్న.

అప్పు అనుమాటకు ఈ నేలలో గల అర్థము

ఈ ప్రశ్న కృష్ణా, గోదావరి డెల్టాలలో కన్న కర్నూలు, కడప మండలములలో తీక్ష్ణముగా ఉండుటకు కారణము నేలలోనే కలదు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురియు వానను నమ్ముకొని సేద్యము చేయు ప్రాంతమిది. ఆ వానయైనను తగిన వేళకు రాదు. 1876లో ధాత నామ సంవత్సరమున మొదలై 1878 వరకు పీడించిన కరువులో ఈ సీమ పడిన బాధ వర్ణనాతీతము. 1871 జనాభా లెక్కలకును 1881 లెక్కలకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది. దత్తమండలములని పిలువబడిన ఈ ప్రాంతమునకు 1928లో నంద్యాల సభలో రాయలసీమ యను గౌరవనామము లభించినది గాని, నామము మారినంతమాత్రమున వాన పెరుగలేదు.

వాన తప్పిన ఏడు రైతు మొదట చేయు పని అప్పు చేయుట. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ యనగా వినుటకు స్వల్పముగానే తోచును. లెక్క వేసి చూచినచో ఏడాదికి నూటికి 36 రూపాయలు. పదివేల రూపాయలు తెచ్చినవాడు మూడేండ్లు తీర్పలేకపోయినచో చక్రవడ్డీ వేయకున్నను వడ్డీయే 10,800 రూపాయలై అసలును మించిపోవును. తండ్రి వ్రాసియిచ్చిన ప్రామిసరీ నోటు కుమారుని చదువును మ్రింగివేయుట ఈ గ్రామములలో కొత్త సంగతి కాదు. పుస్తకము పట్టవలసిన చేయి బెంగుళూరులో కట్టడముల వద్ద ఇటుకలు మోయుటకు ఈ నోటే కారణమగుచున్నది.

కావున ఇచ్చటి బాలునికి "అప్పు" అనుమాట భయమును పుట్టించును. "దానము" అనుమాట సిగ్గును పుట్టించును. అతనికి భయము, సిగ్గు రెండును లేని మూడవ మాట కావలెను. ఆ మాట ఎనిమిది శతాబ్దములకు పూర్వమే కల్యాణములో పుట్టినది.

శరణులు చూపిన కొలబద్ద

కల్యాణములోని అనుభవ మంటపమున సమావేశమైన శరణులలో అధికులు చేతిపనివారే. మోళిగ మారయ్య కట్టెలమ్మినవాడు. నులియ చందయ్య గడ్డితో త్రాళ్ళు పేనినవాడు. మడివాళ మాచిదేవుడు బట్టలు ఉతికినవాడు. వీరందరును తమ కష్టార్జితముననే దాసోహము సలిపిరి. ధనికుల విరాళములతో ఆ దాసోహము నడువలేదు. ఇందులోని ధర్మసూక్ష్మము గమనింపదగినది. కాయకము లేనివాడు దాసోహము చేయలేడు. కాయకము చేసియు తనకే దాచుకొన్నవాడు భక్తుడు కాలేడు. ఈ రెండును ఒక బండికి రెండు చక్రములు.

రాయచూరు సీమకు చెందిన ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఈ సందర్భమున స్మరింపదగినది. నేలపై రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అలవాటుకన్న ఎక్కువ గింజలు ఇంటికి తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికపు ఆశ తమకెందుకని, మిగులుబియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. పేదరాలు ధనవంతునికి చెప్పిన నీతి కాదిది. పేదరాలు తన ఇంటిలో తన భర్తకు చెప్పిన నీతి. సహాయము పొందువానికి ఇంతకన్న మించిన మార్గదర్శకము లేదు. ఎంత అవసరమో అంతయే గ్రహింపవలెను. మిగిలినది మరొకరి భాగము.

ఇచ్చువారికిని ఒక కొలబద్ద కలదు. బసవేశ్వరుడు బిజ్జలుని భాండాగారమునకు అధికారిగా ఉండెను. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజునకు ఫిర్యాదు చేసిరనియు, బసవేశ్వరుడు పెట్టెలు తెరిపించి లెక్క చూపగా ఒక్క మాడయు తగ్గలేదనియు పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కథ కలదు. భక్తులు దీనిని మహిమగా చదివి ఆనందింతురు. ఆనందింపవలసినదే. అయితే మహిమకు ముందు జరిగిన పనిని కూడ చూడవలెను. లెక్క అడిగినవారిపై బసవేశ్వరుడు ఆగ్రహింపలేదు. తన భక్తియే తనకు సాక్ష్యమని తప్పించుకొనలేదు. పెట్టె తెరిచెను. పదిమంది సొమ్ము చేతపట్టిన ప్రతి సంఘమును, ప్రతి మఠమును ఆ పెట్టెను జ్ఞప్తియందు ఉంచుకొనవలెను.

ఎమ్మిగనూరు మగ్గము

ఈ సూత్రములు పురాణములకే పరిమితములు కావు. కర్నూలు జిల్లాలోనే వీనికి ప్రత్యక్ష నిదర్శనము లభించును. నీలకంఠేశ్వరుని సన్నిధిలోని ఎమ్మిగనూరు నేతపనికి పేరుపొందిన ఊరు. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు అది బళ్ళారి జిల్లాలో ఉండెను. ఆ కాలమున సామాన్య నేతగాని బ్రతుకు ఎట్లుండెడిది? షావుకారు నూలు అప్పుగా ఇచ్చును. నేసిన బట్టను తానే తీసుకొనును. పాత బాకీ మినహాయించుకొని కూలి చేతిలో పెట్టును. మగ్గము నేతగాని ఇంటిలోనే యున్నది. నేర్పు అతని చేతిలోనే యున్నది. అయినను పడుగు షావుకారుది, పేక షావుకారుది, తుదకు ధర నిర్ణయించునదియు షావుకారే. కాయకము కలదు గాని స్వాతంత్ర్యము లేదు.

1938లో మాచాని సోమప్పగారి చొరవతో అచ్చట నేతపనివారి సహకార ఉత్పత్తి విక్రయ సంఘము స్థాపింపబడినది. సంఘమే నూలు కొని సభ్యులకు ఇచ్చును. సంఘమే బట్టను అమ్మును. నేతగాడు సంఘమునకు ఆశ్రితుడు కాడు, వాటాదారుడు. అతడు నేసిన ప్రతి గజముతో తన కుటుంబము నిలుచుటయే గాక, ప్రక్కవాని మగ్గమునకు రేపటి నూలు సిద్ధమగుచుండెను. ఈ సేవకు గుర్తింపుగా భారత ప్రభుత్వము 1954లో సోమప్పగారికి పద్మశ్రీ పురస్కారము నొసగినది.

తరువాతి దశాబ్దములలో మరమగ్గముల పోటీ వలన చేనేత సంఘములన్నిటివలెనే అదియు కష్టములను ఎదుర్కొన్నది. అయినను దాని నీతి చెక్కుచెదరలేదు. నేతగాడు సంఘమునకు ఇచ్చిన బట్ట ఋణము తీర్చుట కాదు. నూలు ఇచ్చినవారికి కృతజ్ఞత చూపుటయు కాదు. తనవంటి మరియొకనికి దారి వేయుట. తిరిగి ఇచ్చుటలో అవమానము లేని పద్ధతి ఒకటి కలదని ఆ మగ్గము నిరూపించినది.

ఓర్వకల్లు చూపిన రెండవ పాఠము

అదే జిల్లాలోని ఓర్వకల్లు మండలమున 1990 దశకము నడుమనుండి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో పేద స్త్రీలు పొదుపు సంఘములుగా ఏర్పడిరి. కూలికి పోవు స్త్రీలు పదిమంది, పదిహేనుమంది కూడి కొద్దికొద్దిగా కూడబెట్టి, ఆ సొమ్మునే తమలో తాము అవసరమునకు వాడుకొనసాగిరి. గ్రామ సంఘములు కలిసి మండల పొదుపులక్ష్మి ఐక్యసంఘమైనది. కాలక్రమమున ఆ స్త్రీలు బాలభారతి యను పాఠశాలను నడుపువరకు ఎదిగిరి.

అచ్చటి పద్ధతిలో గ్రహింపదగినది సొమ్ముకన్న సమావేశము. ప్రతి సమావేశమున లెక్క అందరి ఎదుట చదువబడును. ఒకతె వాయిదా కట్టలేకపోయినచో ఎందుకు కట్టలేకపోయినదో మిగిలినవారికి తెలియును. బిడ్డకు జబ్బు చేసినదా, భర్త త్రాగి చెడగొట్టినాడా, గొఱ్ఱె చచ్చినదా? కారణము తెలిసినచోట కాఠిన్యము ఉండదు. కారణము దాచుటకు వీలులేనిచోట మోసమును ఉండదు.

ఆ సమావేశము లేక సొమ్ము మాత్రమే వచ్చినప్పుడు ఏమి జరుగునో కూడ ఆంధ్రదేశము చూచినది. సూక్ష్మఋణ సంస్థలు గ్రామములలో ఎడాపెడా అప్పులిచ్చి, వారము వారము ఇంటిమీదికి వచ్చి వసూలు చేసిన కాలమున అనేక కుటుంబములు ఒక అప్పు తీర్చుటకు మరియొక అప్పు చేసి చితికిపోయినవి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, వడ్డీ అసలును మించరాదనియు, ఇంటిమీదికి పోయి వసూలు చేయరాదనియు కట్టడి చేయవలసివచ్చినది. ఇటీవల, 2020కి అటూ ఇటూగా, చరవాణిలోనే క్షణములో అప్పిచ్చు యాప్‌లు బయలుదేరి, తీర్పలేని యువకుల బంధుమిత్రులకు అవమానకరమైన సందేశములు పంపి వేధించిన ఉదంతములు అందరెరిగినవే. 2022లో రిజర్వు బ్యాంకు ఇట్టి ఋణములకు నిబంధనలు విధించినది. నిబంధనలు మంచివే. కాని గడప దాటని భయముతో ఒంటరిగా కూర్చున్న పద్దెనిమిదేండ్ల బాలునికి నిబంధనలు చదివి వినిపించువాడు ఎవడు?

ఈ ప్రశ్నయే సమస్యకు గుండెకాయ. యువకునికి లోటుగా ఉన్నది డబ్బొక్కటే కాదు. అడుగదగిన మనిషి లేడు.

జంగముని పని

వీరశైవమున గురు, లింగ, జంగములకు సమాన గౌరవము. జంగమమనగా కదలునది. జంగముడు భక్తుని గడపకు తానే నడచివచ్చును. భక్తుని కుశలమడుగును. అజ్ఞానమును తొలగించును. ఈనాడు యువకునికి తోడుగా నిలుచు ప్రతి పెద్దయు ఆ జంగమ కార్యమునే చేయుచున్నవాడని గ్రహింపవలెను.

దీనికి గొప్ప విద్వత్తు అక్కరలేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు ఒక బాలికకు ఏ చదువు ఎచ్చటికి దారితీయునో వివరింపవచ్చును. బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాడు పాస్‌బుక్కు చదువుట, నెలసరి రూపాయల వడ్డీని ఏడాది శాతముగా మార్చి చూచుట నేర్పవచ్చును. చీటీ ఎట్లు నడుచును, ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర ఎందుకు వేయరాదు, హామీ సంతకము చేసినవాని మీద ఎట్టి బాధ్యత పడును అను సంగతులు పాఠ్యపుస్తకములలో కానరావు. 2015లో ఏర్పడిన విద్యాఋణ హామీనిధి క్రింద ఏడున్నర లక్షల రూపాయల వరకు ఆస్తి తాకట్టు లేకయే బ్యాంకులు చదువునకు అప్పు ఈయవచ్చును. అదే సంవత్సరము మొదలైన ముద్రా పథకములో చిన్న అంగడికో, పనిముట్లకో 50,000 రూపాయల వరకు తాకట్టు లేని ఋణము కలదు. ఈ రెండు వాక్యములు తెలియనందుననే నెలకు మూడు రూపాయల వడ్డీకి పొలము వ్రాసియిచ్చిన తండ్రులు ఎందరో. అట్టి ఇంటికి పదివేలు ఇచ్చినవాడు మేలు చేసినవాడే. ఆ రెండు వాక్యములు చెప్పి, బ్యాంకువరకు తోడు నడచినవాడు ఇంకను గొప్ప మేలు చేసినవాడు.

సమాజ చరిత్రలో ఇట్టి తోడ్పాటు నిలిపిన మహనీయులు కలరు. 1916లో బెళగాములో కర్ణాటక లింగాయత విద్యాసంస్థను నెలకొల్పినవారు జమీందారులు కారు, ఏడుగురు యువ ఉపాధ్యాయులు. అదే ఏడు బళ్ళారిలో వెలసిన వీరశైవ విద్యావర్ధక సంఘము ఇరుగుపొరుగు సీమలకును విద్యాదీపమైనది. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార స్వాములవారు 111 ఏండ్ల వయస్సున, 2019 జనవరిలో శివైక్యము చెందువరకు వేలాది విద్యార్థులకు అన్నము, అక్షరము, ఆశ్రయము ప్రసాదించిరి. ఇళకల్లు మహాంత స్వాములవారు 1975లో జోలె పట్టి ఇంటింటికి వెడలి ధాన్యము గాని ధనము గాని అడుగలేదు. త్రాగుడును, పొగాకును జోలెలో వేయుడని అడిగిరి. యువకునికి ఈయవలసినదే గాక, యువకునినుండి తీసికొనవలసినది కూడ ఒకటి కలదని ఆ జోలె తెలిపినది.

ఎవరి బిడ్డ?

ఇచ్చట ఒక సందేహము రాక తప్పదు. నిధి పరిమితమైనది గనుక స్వసమాజపు పిల్లలకే ఉపయోగింపరాదా? ఇల్లు చక్కబెట్టుకొనకుండ ఊరు చక్కబెట్టుట ఎట్లు? ఈ మాటలో స్వార్థమే కలదనుట న్యాయము కాదు. తన బిడ్డ ఆకలి ముందుగా కనబడుట లోకసహజము. అయినను అనుభవ మంటపము తలుపు ఎవరికి తెరువబడినదో మరువరాదు. మాదార చెన్నయ్యను, డోహర కక్కయ్యను బసవేశ్వరుడు తన ఆప్తబంధువులుగా భావించి గౌరవించెను. సిద్ధగంగా మఠపు పంక్తిలో కులము అడుగలేదు. దాసోహమునకు గడప కట్టినచో అది కులసంఘపు చందాగా మిగులును. ఆరంభము ఇంటినుండి కావచ్చును గాని, అంతము ఇంటిలోనే కారాదు.

అట్లే బాలికల సంగతి. పెండ్లికి ఐదు లక్షలు అప్పు చేయు కుటుంబము, ఆడబిడ్డ చదువునకు ఐదు వేలు లేవనుట కద్దు. అక్కమహాదేవి ఇల్లు, ఐశ్వర్యము విడిచి కల్యాణమునకు, అచ్చటినుండి శ్రీశైల కదళీవనమునకు నడచివచ్చినది. ఆమెను నిత్యము స్మరించు ఇంటిలో కుమార్తెను కళాశాలకు బస్సెక్కించుటకు వెనుదీయుట ఆమెకు చేయు పూజలో లోపమే యగును. తోడు నిలుచు పెద్ద ఆ తల్లిదండ్రులతోను మాట్లాడవలెను. ఒక్కొక్కప్పుడు మార్గదర్శకత్వము కావలసినది యువతకు కాదు, వారిని కన్నవారికి.

తిరిగి ఇచ్చుట ఎవరికి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు మరలవచ్చును. సహాయము తిరిగి ఈయవలెనా? ఈయవలెను. కాని ఇచ్చినవానికి కాదు, తరువాత వచ్చువానికి. ఈ ఒక్క మార్పుతో రెండు వాదముల బలమును నిలుచును, రెండింటి దోషమును తొలగును. ఇచ్చినవాడు తిరిగి పుచ్చుకొనడు గనుక అతని చేయి వడ్డీ వ్యాపారి చేయి కాదు. పుచ్చుకొన్నవాడు మరియొకరికి ఇచ్చును గనుక అతడు యాచకుడు కాడు. అతడు నేడు గ్రహీత, రేపు దాసోహి.

దీనిపై ఒక గట్టి ఆక్షేపణ చేయవచ్చును. యువకుడు ఉద్యోగమునకు కుదిరి, పట్టణమునకు పోయి, ఊరిని మరచినచో ఏమి చేయుట? పత్రము వ్రాయించుకొని కోర్టుకు ఈడ్చుటయా? అట్లు చేసిననాడు అది ఋణమే యగును. చేయకున్నచో కొందరు ఎగవేయుదురు. ఈ నష్టమును సమాజము తెలిసియే భరింపవలెను. పందిరి క్రింద భుజించిన యాత్రికులందరును తమ ఊళ్ళలో పందిరి వేయుచున్నారా యని ఎవరును విచారింపలేదు. కొందరు వేయుదురు. ఆ కొందరివలననే త్రోవ నిలుచుచున్నది. అయితే మరపునకు మందు పత్రము కాదు, సంబంధము. పైకము పంపి మరచినవానిని బాలుడును మరచును. నాలుగేండ్లు నెలకొకమారు "నాయనా, ఎట్లున్నావు? ఈ నెల ఏమి చదివితివి?" అని అడిగిన పెద్దను మరచుట సులభము కాదు.

ఇంకొక విషయము. వాన తప్పిన ఏడు, ఉద్యోగము దొరకని ఏడు ఎవరినుండియు ఏమియు ఆశింపరాదు. పరీక్ష తప్పినవానిని సభలో నిలదీయరాదు. తప్పినవానికే తోడు ఎక్కువ అవసరము. గెలిచినవానికి బంధువులు తామే వత్తురు.

ఆచరణకు

ఈ ధర్మమును ఆచరణలో పెట్టుటకు పెద్ద భవనములు, శిలాఫలకములు అక్కరలేదు. ప్రతి ఊరిలో, ప్రతి మఠపు నీడలో పదిమంది పెద్దలు చాలును. ఒక్కొక్కరు ఇద్దరు యువతీ యువకులకు నాలుగేండ్లు తోడుండుటకు పూనుకొనవలెను. నెలకొకదినము అందుకై కేటాయింపవలెను. పైకము అవసరమైనచో అవసరమైనంతయే ఈయవలెను. సాధ్యమైనచో రుసుమును నేరుగా కళాశాలకే చెల్లింపవలెను. వడ్డీ కూడదు, గడువు బెదిరింపు కూడదు. కాని యువకుడు తొలి జీతమునుండి గాని, తొలి పంటనుండి గాని తనకు తోచినది తన తరువాతివానికై ఈయవలెనను మాట మొదటనే స్పష్టముగా చెప్పవలెను. ధనము ఈయలేనివాడు చదువు చెప్పి, పని నేర్పి, ఒక బాలుని బ్యాంకుకు వెంటబెట్టుకొనిపోయి ఆ భాగమును తీర్పవచ్చును.

సంవత్సరమునకొకమారు, అక్షయ తృతీయనాడు బసవ జయంతి సభలో, లెక్క చదువవలెను. ఎంత వచ్చినది, ఎంత పోయినది, ఎందరు తిరిగి ఈయగలిగిరి అనునవి పైసలతో సహా చదువవలెను. సహాయము పొందినవారి పేర్లు మాత్రము చదువరాదు. ఇంతవరకు అనేక సభలలో దీనికి విరుద్ధముగా జరుగుచున్నది. పేర్లు చదువుదురు, లెక్క చదువరు.

ఈ చిన్న మార్పు జరిగిన ఊరిలో మార్కుల పట్టిక సంచిలో పెట్టుకొని వచ్చు బాలుడు గడప ముందు తడబడి నిలువడు. తాను అడుగుటకు వచ్చినది తన ముందువాడు తనకై ఉంచిపోయినదని అతనికి తెలియును. ఆత్మకూరు త్రోవలో మజ్జిగ త్రాగి, మూతి తుడుచుకొని, మల్లయ్యకు జయము పలికి ముందుకు సాగు యాత్రికునివలె అతడును సాగిపోవును. పందిరి వేయవలసిన దినము తనకును వచ్చునని ఎరిగినవాని నడకకు తల వంచవలసిన పని లేదు.